అందే కాయ

గుంటూరు, బ్రాడీపేట

చిట్టితల్లికీ, తమ్ముడికీ, మీతోటి పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో అడిగావు కదమ్మా, "సెలవుల డైరీలో 'అటెయినబుల్ గోల్' రాయమన్నారు, అంటే ఈజీ గోలేనా తాతయ్యా?" అని. కాదు తల్లీ.

ఆ మాటకు మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ దానర్థం తాకడం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకొచ్చి 'అటెయిన్' అయింది. చివర 'ఏబుల్' చేరిస్తే తాకగలిగేది, మన 'అందేది' అన్నమాట.

తెనాలి దగ్గర మా పెరట్లో రసాల మామిడి చెట్టుండేది. కింది కొమ్మల కాయలు ఎవరైనా కోసేస్తారు, వాటికి గోల్ అనే మాటెందుకు? చిటారు కొమ్మన చిలక కొట్టిన కాయ ఒకటి ఎర్రగా కనబడేది. దానికోసం పొద్దంతా రాళ్ళు రువ్వాను. మా నాన్న ఏమీ అనలేదు, దోటి తెచ్చి చేతికిచ్చి నడిమి కొమ్మ చూపించారు. మూరెడు తక్కువైంది. బట్టలుతికే బండెక్కి మునివేళ్ళ మీద నిలబడ్డాను. తొడిమ తెగింది, కాయ చిక్కంలో పడింది. సొన చెంప మీద కారి వారం రోజులు మచ్చ ఉంది. ఆ నడిమి కాయ అటెయినబుల్. చిటారు కాయ ఆ ఏటికి కాదు. మరుసటేడు నేను జానెడు పొడుగయ్యాను, అది వేరే సంగతి.

సర్టిఫికెట్ తెచ్చుకుంటే 'అబ్‌టెయిన్' అనాలి. ఒక స్థాయికో వయసుకో చేరుకుంటే 'అటెయిన్'. 18 ఏళ్ళు నిండాయనడానికి 'అటెయిన్డ్ ది ఏజ్ ఆఫ్ 18' అని దరఖాస్తుల్లో రాస్తారు. పలికేటప్పుడు 'టెయి' దగ్గర ఒత్తాలి.

'స్మార్ట్' గోల్స్ అని మీ టీచర్లు చెబుతారే, ఆ ఇంగ్లీషు మాటలో ఒక్కో అక్షరం మంచి గోల్‌కి ఉండాల్సిన ఒక్కో గుణాన్ని చెబుతుంది. 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన రాసినప్పుడు అందులో 'ఏ' అంటే అప్పగించదగినది అని. అటెయినబుల్ తర్వాతివాళ్ళు చేర్చుకున్నారు. మంచిపనే చేశారు, పిల్లలకు ఈ మాటే కావాలి.

"ఈ సెలవుల్లో ఇంగ్లీషంతా నేర్చేసుకుంటా" అని నువ్వు రాసింది కొట్టెయ్యకు, పక్కన పెట్టు. డైరీలో ఏం రాయాలో ఇప్పుడే తేల్చకు. ఆదివారం విజయవాడలో బస్సెక్కి ఇద్దరూ వచ్చెయ్యండి. ఇక్కడి చెట్టు కింద నిలబడి చెయ్యెత్తి చూడు, ఏ కాయ దగ్గర నీ మడమలు నేలను వదులుతాయో.

మీ తాతయ్య