పోస్టు ముందొచ్చింది, శిక్షణ ఇంకా రాలేదు: స్కూల్ కౌన్సెలర్ చదువు వెనుక కథ

విశాఖపట్నంలో నీట్‌కు చదువుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023 జూలైలో చనిపోయింది. ఆమె తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జూలై 25న వచ్చిన తీర్పు ఆ ఒక్క కేసుతో ఆగలేదు. వంద మందికి తక్కువ కాకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒక్కరైనా ఉండాలంది. అంతేకాదు, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినట్టు వాళ్లు చూపించగలగాలని షరతు పెట్టింది. వీధికో స్కూలు, చౌరస్తాకో జూనియర్ కాలేజీ ఉన్న హైదరాబాద్‌లో ఈ షరతుకు సరిపోయే మనుషులు ఎక్కడి నుంచి రావాలి? వాళ్లను తయారు చేసే చదువు ఎక్కడుంది? ఈ లోటు నిన్నా మొన్నా వచ్చింది కాదు.

మన దేశంలో స్కూల్ కౌన్సెలింగ్ ఉద్యోగాల సలహాగా మొదలైంది. అమెరికాలోనూ అంతే. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ బోస్టన్‌లో వొకేషన్ బ్యూరో పెట్టింది కుర్రాళ్లకు ఏ పని నప్పుతుందో చెప్పడానికే. ఇక్కడ 1952లో ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన ఏర్పడిన సెకండరీ విద్యా కమిషన్ బహుళార్థక పాఠశాలలు పెట్టమంది. వాటిలో సైన్సు, వ్యవసాయం, కామర్స్, గృహవిజ్ఞానం లాంటి ఏడు పాయలు. ఏ పిల్లవాడు ఏ పాయలో చేరాలో చెప్పేవాళ్లు కావాలి కాబట్టి గైడెన్స్ ఆఫీసర్లు, కెరీర్ మాస్టర్లు కావాలంది. 1954లో కేంద్రం గైడెన్స్ బ్యూరో పెట్టింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఇంకో అడుగు వేసి, గైడెన్స్ ప్రాథమిక స్థాయి నుంచే ఉండాలంది. ఖర్చు మాటా ఎరిగినదే కాబట్టి, కనీసం పది ఉన్నత పాఠశాలలకు ఒక విజిటింగ్ కౌన్సెలర్ అయినా ఉండాలని సర్దుకుంది. ఆ కనీసం కూడా జరగలేదు.

ఇక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1969లో పీయూసీ (కాలేజీలో డిగ్రీకి ముందు చదివే ఏడాది కోర్సు) పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. దాంతో పదో తరగతి చివర ఒకే ప్రశ్న మిగిలింది: ఎంపీసీయా, బైపీసీయా? కెరీర్ మాస్టర్ చెప్పాల్సిన ఆ జవాబు తర్వాతి రోజుల్లో కార్పొరేట్ కాలేజీ పీఆర్వో చెప్పాడు. పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్లు పట్టుకుని, ఫీజులో తగ్గింపు అంటూ ఇంటికే వచ్చేవాడు. నా లెక్కలో ఈ నగరానికి తొలి కెరీర్ కౌన్సెలర్ అతనే. జీతం మాత్రం కాలేజీ ఇచ్చేది.

ఈలోగా అమెరికాలో కథ వేరే దారి పట్టింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ పంపడంతో అక్కడ కంగారు పుట్టింది. చురుకైన పిల్లలను గుర్తించి సైన్సు వైపు మళ్లించడానికి 1958 జాతీయ రక్షణ విద్యా చట్టం కింద కౌన్సెలర్ల శిక్షణకు నిధులిచ్చారు. ఉద్దేశం గొప్పదేమీ కాదు, కానీ డబ్బు యూనివర్సిటీలకు చేరింది. ఆ పునాది మీద మాస్టర్స్ డిగ్రీ, దానికి ప్రమాణాలు, అక్రెడిటేషన్ సంస్థ వచ్చాయి. ఇవాళ ఆ ప్రమాణాల ప్రకారం నడిచే కోర్సులో విద్యార్థి వంద గంటల ప్రాక్టికమ్ (చదువుతూనే చేసే తొలి ప్రాక్టికల్ శిక్షణ), ఆపై ఆరు వందల గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. అదంతా పైన ఒక అనుభవజ్ఞుడు చూస్తుండగానే జరగాలి. మన సైకాలజీ డిగ్రీతో అక్కడికి వెళ్లిన హైదరాబాదీలకు ఈ గంటల దగ్గరే చిక్కు వస్తుంది.

మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చేది గైడెన్స్, కౌన్సెలింగ్‌లో ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) ఇచ్చే డిప్లొమా. ఏడాది కోర్సులో ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ముఖాముఖి తరగతులు, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. తెలుగు రాష్ట్రాలవారికి కేంద్రం మైసూరు. కోర్సు మంచిదే. కానీ అది ప్రధానంగా ఉపాధ్యాయుల కోసం. స్కూలు సెలవిచ్చి ఒక టీచర్‌ను నెలల తరబడి మైసూరు పంపడం ఎంత తేలికో ఏ హెడ్‌మాస్టర్‌ను అడిగినా చెబుతారు.

ఇక సీబీఎస్‌ఈ. 2018 నాటి దాని అఫిలియేషన్ (స్కూళ్ల గుర్తింపు) నిబంధనలు కౌన్సెలర్‌ను తప్పనిసరి చేశాయి. అర్హత మాత్రం సైకాలజీలో డిగ్రీ లేదా పీజీ, కాకపోతే చైల్డ్ డెవలప్‌మెంట్‌లో పీజీ, అదీ కాకపోతే ఏదో ఒక డిగ్రీకి తోడు కెరీర్ గైడెన్స్ డిప్లొమా. పిల్లలతో ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారన్న ఊసే ఆ నిబంధనల్లో లేదు. పోస్టు ఉందని తనిఖీకి చూపిస్తే సరిపోయేది. తీరా చేరాక ఆ కౌన్సెలర్‌తో టీచర్ రాని క్లాసులో సబ్‌స్టిట్యూషన్, పరీక్షల్లో ఇన్విజిలేషన్ చేయిస్తారు. పొద్దున పరీక్ష హాల్లో కాపీ కొట్టొద్దని గద్దించిన మేడమ్ దగ్గరికే మధ్యాహ్నం వెళ్లి మనసు విప్పమంటే ఏ పిల్లాడు విప్పుతాడు?

శిక్షణ అంటే ఏమిటో ఒక్క ఉదాహరణ చాలు. ఎనిమిదో తరగతి అమ్మాయి గదిలోకి వచ్చి, 'ఎవరికీ చెప్పనని ఒట్టేయండి మేడమ్' అంటుంది. గోప్యత గురించి ఎం.ఏ. పరీక్షలో నాలుగు పేజీలు రాసినవాళ్లు కూడా అక్కడ ఒట్టేసే ప్రమాదం ఉంది. వేయకూడదు. ఆ అమ్మాయి చెప్పబోయేది లైంగిక వేధింపు గురించి అయితే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. దాస్తే ఆరు నెలల దాకా జైలు. కాబట్టి అమ్మాయి నోరు తెరవకముందే, ఆమె బెదిరి వెనక్కి వెళ్లిపోకుండా, తాను ఎంతవరకు దాచగలరో కౌన్సెలర్ చెప్పాలి. ఆ తర్వాత ప్రిన్సిపాల్‌తో ఏం మాట్లాడాలి, పిల్లను 2016లో నగరంలో బాధిత మహిళలు, పిల్లల కోసం తెరిచిన భరోసా కేంద్రానికి ఎలా తీసుకెళ్లాలి, రిజిస్టర్‌లో ఎంతవరకు రాయాలి? ఇవి పుస్తకంలో దొరకవు. అనుభవం ఉన్నవాళ్ల పక్కన కూర్చుని, తడబడి, చెప్పించుకుని నేర్చుకోవాలి. పైగా పాఠాలు ఇంగ్లిష్‌లో జరుగుతాయి. పిల్లలు ఏడ్చేది తెలుగులోనో దక్కనీలోనో.

ప్రభుత్వ పాఠశాలలకు 2020లో ఇంకో ఏర్పాటు వచ్చింది. ఆయుష్మాన్ భారత్ కింద స్కూలుకు ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా గుర్తించి శిక్షణ ఇవ్వాలన్నారు. పాఠం చెప్పే మనిషికే ఇంకో బరువు.

సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన కొద్ది వారాలకే, 2025 ఆగస్టులో, యూజీసీ దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో సైకాలజీ కోర్సులను ఆ విద్యాసంవత్సరం నుంచే ఆపేయమంది. నాణ్యత దృష్టితో చూస్తే తప్పుపట్టలేం. మనుషులతో మాట్లాడే విద్య తపాలాలో నేర్చుకునేది కాదు. కానీ నలభై ఏళ్ల వయసులో, ఇల్లూ ఉద్యోగమూ చూసుకుంటూ కౌన్సెలర్ అవుదామనుకున్న టీచర్లకు ఉన్న దారి అదే. గిరాకీ పెంచిన నెలల్లోనే సరఫరా తగ్గింది. ఉస్మానియాలోనో, నగరంలోని డిగ్రీ కాలేజీల్లోనో ఉన్న రెగ్యులర్ సీట్లు ఇంత అవసరాన్ని తీర్చలేవు.

సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయం ఉంది. పర్యవేక్షించగల పెద్దలు ఊళ్లోనే ఉన్నారన్నమాట. వాళ్ల పని జబ్బుతోనూ వైకల్యంతోనూ కాబట్టి చూపు ఆసుపత్రి వైపే ఉంటుంది. మానసిక జబ్బులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) లైసెన్సు ఉంది. మిగతా సైకాలజిస్టులు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చారు. దాని షెడ్యూలులో హెచ్‌ఐవీ కౌన్సెలర్ ఉన్నారు గానీ స్కూల్ కౌన్సెలర్ పేరు విడిగా లేదు.

అందుకే ఈ ఏడు ఎం.ఎస్సీ. సైకాలజీలో చేరాలనుకునేవాళ్లు సిలబస్ కంటే ముందు కాలేజీని అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏ స్కూలుకు పంపుతారు? వారానికి ఎన్ని గంటలు? చూసిన కేసుల గురించి చర్చించడానికి ఎవరు కూర్చుంటారు? ఆ మనిషి ఎప్పుడైనా బడిలో పనిచేశారా?