తేనెటీగల వైరస్: పెట్టె ఖాళీ అయ్యేదాకా ఎందుకు తెలియడం లేదు?

గుంటూరు చుట్టుపక్కల పొద్దుతిరుగుడో నువ్వో పూతకొస్తే చేల గట్ల మీద తేనె పెట్టెలు దిగుతాయి. పూత అయిపోగానే రాత్రి పూట లారీకెక్కించి ఇంకో జిల్లాకో, ఇంకో రాష్ట్రానికో తీసుకెళ్తారు. ఈగల ఒంట్లో వైరస్ ఉంటే అదీ వాటితోపాటే వెళ్తుంది. దారిలో దాన్ని పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

ఈ నిర్లక్ష్యానికి మన దక్షిణాది ఒకసారి భారీ మూల్యమే చెల్లించింది. మన పుట్టతేనెటీగల్ని చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ 1976లో థాయిలాండ్‌లో బయటపడింది. 1978లో మన ఈశాన్య రాష్ట్రాల్లో కనిపించింది. 1991-92లో కేరళ, కర్ణాటక, తమిళనాడులను ఊడ్చేసింది. అక్కడి పుట్టతేనె కుటుంబాల్లో నూటికి 90కి పైగా పోయాయని లెక్క. ఈశాన్యంలో కనిపించాక ఇక్కడికి చేరేలోపు పన్నెండేళ్లకు పైగా సమయం దొరికింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ దెబ్బతో చాలామంది ఇటాలియన్ ఈగల వైపు మళ్లారు. 1962లో హిమాచల్‌లోని నగ్రోటాలో మన దేశంలో నిలదొక్కుకున్న ఈగలే అవి.

శాక్‌బ్రూడ్ సోకిన పిల్ల పురుగు ప్యూపాగా మారలేదు. విడవాల్సిన చర్మం విడదు, లోపల నీరు చేరుతుంది. పట్టకారుతో ఎత్తితే నీళ్ల సంచిలా బయటికొస్తుంది. ముందు తల నల్లబడుతుంది, తర్వాత ఒళ్లంతా ఎండి చిన్న పడవలా మిగులుతుంది. ఫౌల్‌బ్రూడ్ అనే బ్యాక్టీరియా జబ్బుతో దీన్ని పొరపడేవాళ్లు చాలామంది. చచ్చిన పురుగును అగ్గిపుల్లతో కదిపి లాగితే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్‌లో జిగురు దారంలా సాగుతుంది, శాక్‌బ్రూడ్‌లో సాగదు. ఈ తేడా తెలియక యాంటీబయాటిక్ పోస్తే వైరస్‌కు ఏమీ కాదు, మందు అవశేషాలు తేనెలో చేరతాయి.

ఇది కంటికి కనిపించని సూక్ష్మజీవి పనేనని అమెరికా శాస్త్రవేత్త జి.ఎఫ్. వైట్ 1910లలోనే తేల్చారు. జబ్బు పురుగుల రసాన్ని బ్యాక్టీరియా దూరలేని వడపోతలో పోశారు. కిందికి దిగిన రసం కూడా జబ్బు తెప్పించింది. ఆ వైరస్‌ను విడిగా పట్టుకోవడానికి మాత్రం 1960ల దాకా ఆగాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో లెస్లీ బెయిలీ బృందం ఆ పని చేసింది. అప్పట్లో కుందేలు రక్తంలో తయారైన యాంటీబాడీలతో పరీక్షించేవారు. 1999లో శాక్‌బ్రూడ్ వైరస్ జన్యుక్రమం పూర్తిగా చదివారు, అందులో 8,832 అక్షరాలు. ఇప్పుడు ఆర్‌టీ-పీసీఆర్‌తో, కరోనా టెస్ట్ లాగే, కొద్దిపాటి వైరస్‌ను కూడా పట్టుకోవచ్చు.

ఇది చాలా పెద్ద మేలు. ఎందుకంటే పెద్ద ఈగలు పైకి బాగానే ఉంటాయి. పిల్లలకు మేత పెట్టే ఈగ గ్రంథుల్లో వైరస్ దాగి, ఆ మేతతోనే లేత పురుగుకు అందుతుంది.

కానీ పరీక్ష ఎంత గొప్పదైనా నమూనా చెడిపోతే ఫలితం ఉండదు. ఈ వైరస్‌ల జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ వేడికి త్వరగా పాడవుతుంది. మే నెల గుంటూరు ఎండలో, పెట్టె కింద ఎండిపోయిన ఈగల్ని కవర్లో వేసి పంపితే ల్యాబ్‌లో ఏమీ దొరక్కపోవచ్చు. పిల్ల పురుగులు పెరిగే చట్రం మీద బతికున్న ఈగల్ని తీసి అప్పటికప్పుడు ఐస్‌లో పెట్టాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర మన లాంలోనే ఉంది. అది పెంపకందారులకు ముందు నేర్పాల్సింది ఇలా నమూనా తీయడమేనని నా అభిప్రాయం.

ఇటాలియన్ ఈగల కథ వేరు. వాటికి వరోవా పేను ఉంది, అది రెక్కలు ముడుచుకుపోయే వైరస్‌ను ఈగ ఒంట్లోకి ఎక్కిస్తుంది. హవాయి దీవుల్లో ఈ పేను రాకముందు ఆ వైరస్ నూటికి పది కుటుంబాల్లోనే ఉండేది, వచ్చాక దాదాపు అన్నిటికీ పాకింది. అందుకే పేను లెక్కే చౌకైన హెచ్చరిక. సీసాలో సుమారు 300 ఈగలు వేసి, పంచదార పొడి చల్లి, జల్లెడ మూతతో కుదిపితే పేలు రాలతాయి. ఈగలు చావవు.

2021లో వచ్చిన మధుక్రాంతి పోర్టల్ తేనె ఎక్కడిదో చెప్పడానికి పెట్టినది. జబ్బు సంగతీ దాంట్లోనే నమోదైతే ఎంతో బాగుంటుంది. అప్పటిదాకా పెట్టె నంబరు, తేదీ, ఊరు, పేల సంఖ్య రాసుకునే నోటుపుస్తకమే దిక్కు. శాక్‌బ్రూడ్‌కు మందు లేదు. రాణిని కొన్నాళ్లు పంజరంలో ఉంచి గుడ్లు ఆపిస్తారు, జబ్బు పెట్టెలోని చట్రాన్ని వేరే పెట్టెలో పెట్టరు. చట్రంలో ఒక్క సంచి పురుగు కనిపించినా, ఆ పెట్టెను ఆ రాత్రి లారీ ఎక్కించకూడదు.