చిన్న కారుకు కొత్త టైర్లు: రబ్బరులో జరిగే బేరం

టైర్ల షాపులో మనం అడిగే మొదటి మాట "ఎన్ని వేల కిలోమీటర్లు వస్తాయి?" ఆ తర్వాత ధర, ఇంకాస్త తర్వాత మైలేజీ. "వానలో బ్రేకు కొడితే ఎంత దూరంలో ఆగుతుంది?" అని అడిగేవాళ్లు చాలా తక్కువ. రోజూ ఆఫీసుకో, పిల్లల స్కూలుకో తిరిగే చిన్న కారుకు అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న అదేనని నా గట్టి నమ్మకం. మన్నిక, మైలేజీ, తడి రోడ్డు మీద పట్టు మూడూ ఒకే రబ్బరు నుంచి రావాలి. ఒకదాన్ని పెంచబోతే ఇంకొకటి తగ్గే గుణం ఆ రబ్బరులోనే ఉంది. మన్నిక ఓడోమీటర్‌లో కనిపిస్తుంది, మైలేజీ పెట్రోలు ఖర్చులో కనిపిస్తుంది. పట్టు మాత్రం అవసరం పడిన ఆ ఒక్క క్షణంలోనే తెలుస్తుంది.

ముందు సైజు. మారుతి స్విఫ్ట్‌నే తీసుకుందాం. చాలాకాలం దాని కింది వేరియంట్లకు 165/80 ఆర్14 టైర్లు వచ్చాయి. 165 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 80 అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మి.మీ. ఆర్ అంటే రేడియల్ (టైరు లోపలి అల్లికలో ఒక రకం), 14 అంటే అంగుళాల్లో రిమ్ వ్యాసం. అన్నీ కలిపితే టైరు మొత్తం ఎత్తు దాదాపు 620 మి.మీ. అదే కారు పై వేరియంట్‌కు వచ్చిన 185/65 ఆర్15 లెక్క వేసినా కొంచెం అటూఇటూగా అంతే వస్తుంది. "పాత రిమ్‌కే 175/70 వేసుకోండి సార్, వెడల్పుగా బాగుంటుంది" అని ఎవరైనా అంటే మాత్రం ఆగి లెక్క చూసుకోవాలి. ఎత్తు 601 మి.మీ.కి పడిపోతుంది. కారు దాదాపు ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది, స్పీడోమీటర్ 3 శాతం ఎక్కువ చూపిస్తుంది. మన స్పీడ్ బ్రేకర్ల మీద ఆ సెంటీమీటరు చిన్నదేమీ కాదు.

సైజు పక్కనే 85ఎస్ లాంటి గుర్తు ఉంటుంది. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోల బరువు మోయగలదు, ఎస్ అంటే గంటకు 180 కి.మీ. వేగం తట్టుకోగలదు. కంపెనీ చెప్పినదాని కంటే ఈ రెండూ తగ్గకూడదు. ఐఎస్ఐ గుర్తు కూడా ఉండాలి. సైజు విషయంలో ఇంతకంటే ఆలోచించేది లేదు.

అసలు కథ టైరు రోడ్డును తాకే చోట ఉంది. నలుగురు కూర్చున్న చిన్న కారు బరువు సుమారు 1,200 కిలోలు అనుకుంటే, ఒక్కో టైరు మీద 300 కిలోలు పడతాయి. ఆ బరువును లోపలి గాలి ఒత్తిడితో, అంటే 33 పీఎస్ఐతో భాగిస్తే వచ్చేది దాదాపు 130 చదరపు సెంటీమీటర్లు. ఒక అరచేయంత చోటు. కారు తిరిగినా, ఆగినా, పరుగెత్తినా అలాంటి నాలుగు అరచేతుల మీదే. గంటకు 60 కి.మీ. వేగంలో టైరు మీద ఏ బిందువైనా రోడ్డును తాకి ఉండేది దాదాపు 7 మిల్లీసెకన్లు. వాన పడుతున్నప్పుడు ఆ 7 మిల్లీసెకన్లలోనే కింద ఉన్న నీటిని పక్కకు తోసేసి రబ్బరు రోడ్డులోని రాయిని పట్టుకోవాలి. తోయలేకపోతే టైరు నీటి పొర మీదకి ఎక్కి తేలుతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేకు నొక్కినా ఫలితం ఉండదు.

టైరు గాడులు ఉన్నది ఆ నీటి కోసమే. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మి.మీ. గాడి అడుగున అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, అవి 1.6 మి.మీ. ఎత్తు. గాడుల మధ్య పైకి ఉండే రబ్బరు బటన్లు అరిగి ఆ గట్ల మట్టానికి వస్తే టైరు చట్టప్రకారం కూడా పనికిరాదు. నేనైతే అంతదాకా ఆగమని చెప్పను. మన వర్షాకాలంలో, మన రోడ్ల మీద నీళ్లు నిలిచే తీరు తెలిసినవాళ్లు 3 మి.మీ. దగ్గరే మార్చేస్తే మంచిది. వెడల్పు టైరుతో పట్టు పెరుగుతుందనే మాట కూడా నీళ్లలో తిరగబడుతుంది. అదే బరువు ఎక్కువ వెడల్పు మీద పరుచుకుంటుంది, తోయాల్సిన నీరు పెరుగుతుంది.

నీళ్లు పోయాక మిగిలేది రబ్బరు, రాయి. రబ్బరును నొక్కి వదిలితే, మనం పెట్టిన శక్తి అంతా తిరిగి రాదు. కొంత వేడిగా మారిపోతుంది. టైరులో ఈ నష్టం రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది, చక్రం ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా టైరు కింద నొక్కుకుని మళ్లీ లేస్తుంది. 60 కి.మీ. వేగంలో ఇది సెకనుకు 8, 9 సార్లు. ఇక్కడ పోయే శక్తి నేరుగా మన పెట్రోలు. రెండోది కంటికి కనిపించదు. రోడ్డు మీది కంకర సూక్ష్మమైన ఎగుడుదిగుళ్ల మీద రబ్బరు జారబోతూ సెకనుకు వేల నుంచి లక్షల సార్లు ఒత్తుకుని వదులుకుంటుంది. ఇక్కడ శక్తి ఎంత పోతే బ్రేకు అంత బాగా పడుతుంది. అంటే మైలేజీ కావాలంటే రబ్బరు శక్తిని దాచుకోవాలి, పట్టు కావాలంటే పోగొట్టుకోవాలి. తక్కువ ధరలో "మైలేజీ టైరు" అని అమ్మే కొన్నిటికి వానలో పట్టు తగ్గడానికి మూలం ఇదే.

ఈ చిక్కుముడిని విప్పింది సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అప్పటిదాకా రబ్బరుకు బలం కోసం ప్రధానంగా కార్బన్ బ్లాక్ అనే మసి లాంటి నల్ల పొడి కలిపేవారు, టైరు నల్లగా ఉండేదీ దానివల్లే. 1990ల తొలినాళ్లలో మిషెలిన్ కంపెనీ అందులో చాలా భాగం తీసేసి సిలికా వాడింది. సిలికా మామూలుగా రబ్బరులో కలవదు, మధ్యవర్తిగా సిలేన్ అనే రసాయనం ఉంటేనే రెండూ అతుక్కుంటాయి. అలా అతుక్కున్న రబ్బరు నెమ్మదిగా నొక్కుకునేటప్పుడు తక్కువ శక్తిని, కంకర మీద వేగంగా కంపించేటప్పుడు ఎక్కువ శక్తిని పోగొట్టుకుంటుంది. మనకు కావాల్సింది సరిగ్గా అదే. మన రైస్ మిల్లుల్లో ఊక కాల్చగా మిగిలే బూడిదలోనూ సిలికా దండిగా ఉంటుంది. గుడ్‌ఇయర్ కంపెనీ అలాంటి బూడిద నుంచి తీసిన సిలికాను టైర్లలో వాడుతోంది. వరి పండించే మన ప్రాంతంలో ఈ సంగతి ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

పట్టులో తేడా ఎంత దూరం అవుతుందో చిన్న లెక్క. 60 కి.మీ. వేగంలో బ్రేకు వేసినప్పుడు ఘర్షణ గుణకం (పట్టును కొలిచే అంకె) 0.7 ఉంటే కారు 20 మీటర్లలో ఆగుతుంది. అది 0.4కి తగ్గితే 35 మీటర్లు. ఆ 15 మీటర్లలో నాలుగు చిన్న కార్లు దాదాపు పట్టేస్తాయి. యూరప్‌లో 2012 నుంచే ప్రతి టైరుకూ తడి పట్టు ఎంతో అక్షరంతో చూపే లేబుల్ ఉంది. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే స్టార్లు కొన్ని టైర్లకు ఉన్నాయి కానీ అవి చెప్పేది ఇంధన ఆదా గురించి. కాబట్టి షాపులో "ఇందులో సిలికా ఉందా, తడి పట్టుకు రేటింగ్ ఏమైనా ఉందా" అని నోరు తెరిచి అడగాలి. యూరప్ రేటింగ్ చూసి ఇక్కడ అదే పేరున్న టైరు కొనేటప్పుడు కాస్త జాగ్రత్త. రెండుచోట్లా ఒకే మిశ్రమం వాడాలనేమీ లేదు.

తర్వాత టైరు వయసు. సైడ్‌వాల్ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 3224 అంటే 2024లో 32వ వారం తయారైంది. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, సత్యవేడు దగ్గర చిన్నపాండూరులో అపోలో ఫ్యాక్టరీలు ఉన్నాయి. అయినా గోదాంలో రెండేళ్లు పడి ఉన్న టైరు మన చేతికి రావచ్చు. ఆక్సిజన్, ఓజోన్ రబ్బరును వాడకపోయినా గట్టిపరుస్తాయి, సన్న పగుళ్లు తెస్తాయి. ఆరు నెలల లోపు తయారైనది కావాలని అడగడం కొనేవాడి హక్కు. స్టెప్నీని కూడా ఓసారి చూడండి, గాడులు కొత్తగా ఉన్నా దాని వయసు పెరుగుతూనే ఉంటుంది.

కొన్నాక గాలి. డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద ఉన్న అంకె చల్లని టైరుకు వర్తిస్తుంది. పొద్దున 30 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ కొట్టించిన టైరు, ఎండలో హైవే మీద నడిచి 60 డిగ్రీలకు వేడెక్కితే 38 దాకా చూపిస్తుంది. అది చూసి టెన్షన్ పడి గాలి తీయించడం ప్రమాదకరం. గాలి తక్కువైతే సైడ్‌వాల్ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ వేడి పెరుగుతుంది. ఎండాకాలంలో టైర్లు పేలడానికి ఒక పెద్ద కారణం ఇదే.

రెండే టైర్లు మార్చే స్తోమత ఉంటే కొత్తవి వెనక వేయించండి. మన చిన్న కార్లన్నీ దాదాపు ముందు చక్రాలతో నడిచేవే కాబట్టి ముందువే త్వరగా అరుగుతాయి. అందుకే షాపువాళ్లు కొత్తవి అక్కడే బిగించబోతారు. ముందు పట్టు పోతే కారు తిరగాల్సినంత తిరగదు. యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు మళ్లీ దారికి వస్తుంది. వెనక పట్టు పోతే కారు తోక పక్కకు తిరిగిపోతుంది, మామూలు డ్రైవరు దాన్ని సరిదిద్దేలోపే గిర్రున తిరిగిపోవచ్చు. వెనకున్న, ఇంకా బాగున్న రెంటినీ ముందుకు మార్పించి, కొత్తవి వెనక వేయించి, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించి బయటికి రండి.