సమస్య ఎవరిది? బడిలో చేతిపని నడిచిన దారి

శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ వాడతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ల మీదుగా పత్తిని లాగితే నలుసులన్నీ కింద రాలిపోతాయి. ఈ ఉపాయం మొదట ఎవరికి తట్టిందో ఎక్కడా రాసి లేదు గానీ, వాళ్లకు ప్రశ్నపత్రం మాత్రం ఎవరూ ఇచ్చి ఉండరు. నలుసు పోకపోతే సన్న నూలు రాదు. ఆ ఇబ్బంది వాళ్లదే కాబట్టి, చేతికి దొరికినవన్నీ పెట్టి చూసుంటారు.

ఇప్పుడీ మాట ఎందుకంటే, ప్రభుత్వ బడుల్లో అయిదేళ్లలో పిల్లలు తమ చేత్తో చేసి చూసుకునే అటల్ టింకరింగ్ ల్యాబులు 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. డిజైన్, ప్రాబ్లెం సాల్వింగ్ అన్న మాటలు శ్రీకాకుళం పల్లెల్లోని హైస్కూళ్లలోనూ వినిపిస్తున్నాయి. పేర్లే కొత్తవి. బడిలోకి చేతిపని రావడం, పోవడం దాదాపు 90 ఏళ్లుగా నడుస్తున్న తంతు.

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా సమావేశం పెట్టారు. ఆ వెంటనే జాకీర్ హుస్సేన్ కమిటీ వేసిన టైంటేబుల్ ఇప్పుడు చూసినా ఆశ్చర్యమే. అయిదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికే. లెక్కలు, సంగీతం, బొమ్మలు మూడింటికీ కలిపి 40 నిమిషాలు. నూలు వడుకుతూనే లెక్కలూ ప్రకృతి శాస్త్రమూ నేర్చుకోవాలన్నది ఆలోచన. చాలా గొప్ప ఆలోచనే. కానీ పిల్లలు చేసిన సరుకు అమ్మితే పంతులుగారి జీతం రావాలన్న షరతు కూడా దాని వెంటే వచ్చింది. తప్పులు చేస్తూ నేర్చుకునే పిల్లాడు పత్తి పాడు చేస్తాడు కదా! నూలు చిలపలు లెక్కపెట్టే చోట అలాంటివాడు దండగమారి కిందే లెక్క.

అసలు దెబ్బ 1953లో తగిలింది. శ్రీకాకుళం అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పల్లెల్లో ప్రాథమిక బడి మూడు గంటలే ఉంటుందని, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలని రాజాజీ ప్రభుత్వం పథకం పెట్టింది. కులవృత్తి చదువంటూ దాని మీద మండిపడ్డారు. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరయింది, మరుసటి ఏడాది మద్రాసులోనూ ఆ పథకం పోయింది. అది మిగిల్చిన అనుమానం మాత్రం పోలేదు. ‘మగ్గం మా ఇంట్లో లేదేటి? దానికోసం బడికి పంపాలేటి?’ అని తండ్రి అడిగితే తప్పు పట్టలేం. పని తప్పించుకోవడానికే చదువుకు పంపుతున్న ఇంట్లో, బడి మళ్లీ ఆ పనే చేతిలో పెడితే ఎవరు ఒప్పుకుంటారు?

ఆ తర్వాతది తొందరగానే చెప్పుకోవచ్చు. 1966లో కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ అంది. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ కమిటీ దాన్నే సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పనిగా మార్చింది. మా రోజుల్లో ఇదంతా కలిసి క్రాఫ్ట్ పీరియడ్. అంటే మొక్కలకు నీళ్లు పొయ్యడం, సుద్దముక్కలు చెయ్యడం. పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు వచ్చి ఆ పీరియడ్ పట్టుకుపోయేవారు.

ఇంగ్లండు 1990లో డిజైన్ అండ్ టెక్నాలజీని తప్పనిసరి సబ్జెక్టు చేసింది. అప్పటి నాలుగు లక్ష్యాల్లో మొదటిది, ఎక్కడ ఏం అవసరమో పిల్లలే కనిపెట్టడం. తర్వాతే ఆలోచన, తయారీ, చేసినదాన్ని బేరీజు వెయ్యడం. 1995కల్లా ఆ నాలుగూ రెండయ్యాయి: డిజైన్ చెయ్యడం, తయారుచెయ్యడం. అవసరం కనిపెట్టడమన్నది విడి లక్ష్యంగా మిగల్లేదు. మార్కులు వెయ్యడానికి అన్నిటికన్నా చిక్కైనది అదే మరి.

మన రాష్ట్రంలో 2011 విద్యా ప్రణాళిక తర్వాత వచ్చిన లెక్కల పుస్తకాల్లో మొదటి విద్యా ప్రమాణమే ‘సమస్యా సాధన’. సైన్సులో ప్రాజెక్టు పనులు, నమూనాలు. సమస్య అన్న మాట మాత్రం అవధానంలో ఉన్నట్టే ఉండిపోయింది. పృచ్ఛకుడు ఇస్తాడు, అవధాని పూరిస్తాడు. ప్రాజెక్టు పని కాస్తా బజారులో కొన్న చార్టు అయింది. పదో తరగతిలో 20 ఇంటర్నల్ మార్కులు ఉన్నన్నాళ్లు ఆ చార్టుకైనా విలువ ఉండేది. 2019లో వాటినీ ఎత్తేశారు.

టింకరింగ్ ల్యాబులు 2016లో మొదలయ్యాయి. ఒక్కో బడికి 20 లక్షల వరకు గ్రాంటు, త్రీడీ ప్రింటరు, సెన్సార్లు. కేంద్రం పెట్టిన ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఆలోచన ఎంపికైన పిల్లలకు 10,000 రూపాయలు. సామాను మంచిదే. కిట్టుతో వచ్చిన కాగితం చూసి గీత వెంట నడిచే రోబో బిగిస్తే, పిల్లాడికి బిగించడం వస్తుంది. ఆ గీత మరొకరు గీసినదే.

పొందూరుకు అంత దూరం కాని ఒక హైస్కూల్లో నేను చూసింది చెబుతాను. మధ్యాహ్నం కంచాలు కడిగే చోట నీళ్లు నిలిచి పిల్లలు జారిపడుతున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు ముందు తడి తగిలితే మోగే అలారం చేస్తామన్నారు. సైన్సు మాస్టారు కాదనలేదు. ‘వారం రోజులు చూడండ్రా, నీరు ఎటెళ్తందో’ అన్నారంతే. మూడో రోజున ఒక అమ్మాయి ‘నీలు ఎనక్కొచ్చెస్తన్నాయి సార్’ అంది. వాళ్ల నాన్న తాపీమేస్త్రి. మర్నాడు ఇంట్లోంచి లెవెల్ పైపు తెచ్చింది. అంటే నీళ్లు నింపిన సన్నటి తెల్ల గొట్టం. రెండు కొసలూ నీళ్లు పోయే కాలవ రెండు చివర్ల పట్టి, నీటిమట్టం దగ్గర సుద్దతో గీతలు పెట్టారు. బయటికి పోయే వైపే వేలెడంత ఎత్తుగా ఉంది. వాలు సరిచెయ్యడానికి మొదటిసారి పూసిన సిమెంటు ఆరకముందే ఎవరో తొక్కేశారు. రెండోసారి అడ్డంగా బెంచీలు పెట్టి కాపలా కాశారు.

ఆ వారమే ప్రాజెక్టు రికార్డులు దిద్దించుకోవాలి. ఆ అమ్మాయి నీటి చక్రం బొమ్మ అతికించి ఇచ్చింది.