గడియారం లేని దారి: రాయగడ నుంచి పిల్లలకు ఉత్తరం

రాయగడ

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ప్రశ్న అందింది. చిప్పులోని భాగాలన్నిటినీ ఒకే తాళానికి నడిపించే గడియారం (క్లాక్) సెకనుకు మూడు వందల కోట్లసార్లు కొట్టుకుంటుందని చదివారు. ఆ దెబ్బ చిప్పులోని ప్రతి మూలకూ ఒకేసారి ఎలా చేరుతుందని అడిగారు. దానంతట అది చేరదు. ఒకే సమయానికి చేరేలా చేయడానికి ఇంజినీర్లు నానా తంటాలు పడతారు.

లెక్క చూడండి. సెకనుకు మూడు వందల కోట్లసార్లు, అంటే 3 గిగాహెర్ట్జ్, కొట్టుకుంటే ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య నానోసెకనులో (సెకనులో వంద కోట్లవ వంతులో) మూడో వంతు. అంతసేపట్లో శూన్యంలో వెలుతురే 10 సెంటీమీటర్లు దాటదు. చిప్పులోని సన్నని తీగ మీద సంకేతం అంతకంటే చాలా నెమ్మది. పైగా తీగ పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగు రెట్లవుతుంది. అందుకే పొడవైన తీగకు మధ్యమధ్య రిపీటర్లు పెట్టి సంకేతానికి కొత్త బలం ఇస్తారు. క్లాక్‌ను చిప్పంతా సమానంగా పంచడానికి చెట్టు కొమ్మల్లా తీగలు పరుస్తారు. పని ఉన్నా లేకపోయినా అవి కొట్టుకుంటూనే కరెంటు తాగుతుంటాయి. అవసరం లేని చోట క్లాక్‌ను ఆపే ఏర్పాట్లు లేకపోలేదు, కానీ అదీ ఒక అదనపు బరువే.

గడియారం లేకుండా నడిచే మరో దారి ఉంది. అది రైల్వేలో పనిచేసినవాడికి చప్పున అర్థమవుతుంది. మన వైపు సింగిల్ లైన్ల మీద వెనకటి పద్ధతి ఏమిటో మీకు చెప్పే ఉంటాను. ఈ స్టేషన్ మాస్టరు గంట కొట్టి అవతలి స్టేషన్‌ను అడుగుతాడు. అవతలివాడు లైన్ క్లియర్ ఇస్తేనే యంత్రం నుంచి ఇనుప టోకెను బంతి బయటికొస్తుంది. అది చేతికందనిదే డ్రైవరు బండి కదపడు. ఇద్దరి గోడ గడియారాలు అయిదు నిమిషాలు తేడాగా నడిచినా ప్రమాదం జరగదు. చిప్పులో దీన్ని హ్యాండ్‌షేక్ అంటారు. పంపేవాడు రిక్వెస్ట్ తీగను లేపుతాడు (అంటే దాని వోల్టేజీ పెంచుతాడు), అందుకున్నవాడు అక్నాలెడ్జ్ తీగను లేపుతాడు. తరువాత ఇద్దరూ వరుసగా దించుకుంటారు. ఇది నాలుగు అడుగుల పద్ధతి. లేపడమైనా దించడమైనా ఒక్కో మార్పునే ఒక్కో కబురుగా లెక్కిస్తే రెండడుగులతో సరిపోతుంది. కానీ దాన్ని అర్థం చేసుకునే సర్క్యూటు కాస్త చిక్కుగా ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. డేటా పూర్తిగా చేరిందని అవతలివాడికి తెలిసేదెలా? సులువైన ఉపాయం, డేటా తీగల పక్కనే రిక్వెస్ట్ తీగ వేసి, దాన్ని కావాలని కొంచెం ఆలస్యం చేయడం. 32 బిట్లకు, అంటే 32 సున్నా-ఒకటి అంకెలకు, 32 తీగలు, పైన మరో రెండు చాలు. చవకే, కానీ డేటా కంటే రిక్వెస్ట్ ముందు చేరదని ఎవరో హామీ ఇవ్వాలి. పొడవైన దారిలో ఆ హామీ నాకు నచ్చదు.

రెండో ఉపాయంలో డేటాయే తాను వచ్చానని చెప్పుకుంటుంది. ఒక్కో బిట్‌కు రెండు తీగలు. బిట్ 0 అయితే మొదటి తీగ లేస్తుంది, 1 అయితే రెండోది లేస్తుంది. రెండూ పడుకుని ఉంటే ఇంకా ఏమీ రాలేదని అర్థం. తీగ ఎంత నెమ్మదిగా ఉన్నా తప్పు జరగదు. అయితే తీగ లేచి దిగిన ప్రతిసారీ కరెంటు ఖర్చే. రెండు బిట్లకు నాలుగు తీగలు, వాటిలో రెండు లేచి దిగాలి, అంటే నాలుగు కదలికలు. అవే నాలుగు తీగల్లో ఏదో ఒక్కటే లేవాలని నియమం పెట్టండి. నాలుగు అవకాశాలంటే సరిగ్గా రెండు బిట్లే కదా! ఇప్పుడు కదలికలు రెండే. తీగ ఒక్కటీ పెరగలేదు, ఖర్చు సగమైంది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ముద్దొచ్చే లెక్క ఇది.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ ఇంజినీరు స్టీవ్ ఫర్బర్ బృందం మెదడు పనితీరును అనుకరించడానికి కట్టిన స్పిన్నేకర్ యంత్రంలో ఈ లెక్క ఇంకా ముందుకు వెళ్లింది. దాని ఒక్కో చిప్పులో 18 ప్రాసెసర్లు. 2018లో మొత్తం యంత్రం పది లక్షల ప్రాసెసర్లకు చేరింది. చిప్పు లోపల ఆరు తీగల్లో మూడు లేచే కోడు వాడారు. అలాంటి అమరికలు 20 వస్తాయి. నాలుగు బిట్లకు 16 పోగా, ప్యాకెట్ (ఒక విడత కబురు) ముగిసిందని చెప్పడానికీ చోటు మిగులుతుంది. అయితే మూడు తీగలు లేచి దిగితే ఆరు కదలికలు, జవాబుకు రెండు, మొత్తం ఎనిమిది. చిప్పుల మధ్య తీగలు పొడవు, ఒక్కో కదలికకు ఖర్చు చాలా ఎక్కువ. అందుకని అక్కడ ఏడు తీగల్లో రెండు మారే కోడును రెండడుగుల పద్ధతిలో నడిపారు. డేటాకు రెండు, జవాబుకు ఒకటి, మొత్తం మూడు కదలికలతో నాలుగు బిట్లు. సర్క్యూటు చిక్కైనా తీగ దగ్గర మిగిలిన కరెంటుతో ఆ చిక్కు గిట్టుబాటైంది. దారిని బట్టి పద్ధతి మార్చడమంటే ఇదీ.

అన్ని చిప్పులూ గడియారం ఎందుకు వదిలేయవని అడుగుతారు, తెలుసు. డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్, పరీక్షించే పద్ధతులు దాదాపు అన్నీ గడియారం చుట్టూ పెరిగాయి. అందుకే మధ్యేమార్గంగా, చిప్పును దీవులుగా విడగొట్టి ఒక్కో దీవిలో దాని క్లాక్ ఉంచి, దీవుల మధ్య మాత్రం హ్యాండ్‌షేక్ పెడతారు. 1984లో డేనియల్ చాపిరో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధన దీని గురించే. దీవి గట్టున ఒక ప్రమాదం ఉంది. బయటి సంకేతం సరిగ్గా లోపలి క్లాక్ కొట్టే క్షణాన మారితే, అందుకునే ఫ్లిప్‌ఫ్లాప్ (ఒక బిట్‌ను గుర్తుంచుకునే చిన్న సర్క్యూటు) సున్నాకూ ఒకటికీ మధ్య ఊగిసలాడుతుంది. ఎంతసేపో కచ్చితంగా చెప్పలేం. మామూలుగా ఒకదాని వెనుక ఒకటి రెండు ఫ్లిప్‌ఫ్లాపులు పెట్టి, తేరుకోవడానికి సమయం ఇస్తారు. ప్రమాదం బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

దూరం ఎక్కువైతే మరో ఇబ్బంది. కబురు వెళ్లి జవాబు తిరిగొచ్చేదాకా దారంతా ఖాళీగా పడి ఉంటుంది. రెండు స్టేషన్ల మధ్య దూరం ఎక్కువైతే రోజుకు నడిచే బళ్లు తగ్గినట్టే. మధ్యలో మరికొన్ని స్టేషన్లు కడితే ఒక్కో ముక్కలో ఒక్కో బండి నడుస్తుంది. చిప్పులోనూ అంతే, దారి పొడవునా డేటాను కాసేపు పట్టి ఉంచే చిన్నచిన్న లాచ్‌లు పెట్టి పక్కపక్కవాటి మధ్యనే హ్యాండ్‌షేక్ నడుపుతారు. ఇవాన్ సదర్లాండ్ 1988 ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో వివరించింది ఈ అమరికనే.

దాని గుండెకాయ సి-ఎలిమెంట్ అనే చిన్న గేటు. 1950లలో ఇల్లినాయ్‌లో డేవిడ్ ముల్లర్ రూపొందించాడు. రెండు ఇన్‌పుట్లూ 1 అయితే 1 ఇస్తుంది, రెండూ 0 అయితే 0. వేరువేరుగా ఉంటే పాత జవాబు మీదే నిలబడుతుంది. గుణుపురంలో ఇంజినీరింగ్ చదివే పెద్దవాడు దీన్ని ఇంట్లోనే కట్టగలడు. ఆండ్ గేట్లుండే 7408 చిప్పు ఒకటి, ఆర్ గేట్లుండే 7432 చిప్పు ఒకటి చాలు. ఆండ్ గేటు ఇన్‌పుట్లన్నీ 1 అయితేనే 1 ఇస్తుంది, ఆర్ గేటు ఏ ఒక్కటి 1 అయినా 1 ఇస్తుంది. రెండు ఇన్‌పుట్లకూ ఒక ఆండ్, ఒక్కో ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ కలిపి ఇంకో రెండు ఆండ్లు. మూడింటి జవాబులనూ ఆర్‌లతో కలిపి అవుట్‌పుట్‌ను వెనక్కి తిప్పి ఇవ్వాలి. రెండు స్విచ్‌లూ ఒక ఎల్‌ఈడీ పెట్టి, ఒక స్విచ్‌ను మాత్రమే నొక్కి వదిలితే ఏమవుతుందో చిన్నవాళ్లు ముందే కాగితం మీద రాసి పెట్టండి. తరువాత నొక్కి చూసి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య