ఆల్చిప్పలో అయోడిన్ చుక్క

చెరువు మత్తడి కింద నాచు పట్టిన రాళ్ల మీద దొరికే నత్తలను ఏరి తెచ్చి, ఒక్కో గాజు గ్లాసులో ఒక్కోటి వేసి, ఎండ తగిలే కిటికీలో పెట్టడం నాకు చాలా ఏళ్ల అలవాటు. గంటా రెండు గంటలు గడిస్తే ఏదో ఒక గ్లాసులో నీళ్లు మసకబారతాయి. వెనక నల్ల కాగితం పెట్టి చూస్తే, పిండి రేణువుల్లాంటివి తోక కొట్టుకుంటూ పైకీ కిందికీ ఈదుతుంటాయి. నత్త ఒంట్లో పెరిగిన పరాన్నజీవి పిల్లలవి. వాటిలో ఒక రకం గట్టు మీది గడ్డికి అంటుకుని, మేసే గొర్రె కడుపులోకి పోయి, కార్జంలో జలగ అవుతుంది. దవడ కింద నీరు దిగి చిక్కిపోయిన గొర్రెను మన వరంగల్ పల్లెల్లో చాలామంది చూసే ఉంటారు. ఇంకొన్ని రకాలు మనిషి చర్మంలోకి దూరి దురద పెడతాయి. అందుకే మసకబారిన గ్లాసులో నేను వేలు పెట్టను.

పన్నెండు గ్లాసుల్లో మూడు మసకబారాయనుకోండి. నూటికి 25 నత్తలకు జబ్బు ఉన్నట్టు. పరాన్నజీవుల మీద పనిచేసేవాళ్లు ముందు లెక్కగట్టేది ఈ వ్యాప్తి శాతమే. అయితే మిగతా తొమ్మిదింటికీ ఏమీ లేదని చెప్పలేం. లోపల పురుగు ఇంకా ఎదగకపోతే నత్త ఏమీ బయటికి వదలదు. మనం ఎలా వెతికామన్న దాన్నిబట్టి ఆ శాతం మారిపోతుంది. సముద్రతీరపు ఆల్చిప్పల జబ్బుల్లోనూ ఇదే చిక్కు.

1940ల చివర్లో అమెరికాలోని లూసియానా తీరంలో ఆల్చిప్పలు కుప్పలుగా చచ్చిపోయాయి. ఆ చుట్టుపక్కలే చమురు బావులు తవ్వుతున్నారు. చమురు వల్లే చచ్చాయని ఆల్చిప్పల రైతులు కోర్టుకెక్కారు. ఆ గొడవ తేల్చడానికి జరిగిన పరిశోధనలో ఒక సూక్ష్మజీవి బయటపడింది. 1950లో దాన్ని శిలీంధ్రం అనుకుని పేరు పెట్టారు. పెర్కిన్సస్ మారినస్ అన్న ఇప్పటి పేరు 1978లో వచ్చింది. నిజానికి అది మలేరియా క్రిమికి దూరపు చుట్టం. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసిన ఆ క్రిమికే!

ఆల్చిప్ప నీళ్లను వడగట్టుకుని అందులోని తిండి తింటుంది. ఆ నీళ్లతోపాటే పెర్కిన్సస్ లోపలికొస్తుంది. రక్తకణాలు దాన్ని పట్టుకుని మింగేస్తాయి గానీ అరిగించుకోలేవు. మింగిన కణంలోనే అది ఒకటికి నాలుగై, ఆ కణాన్నే బండి చేసుకుని ఒళ్లంతా తిరుగుతుంది. కాపలావాడే దొంగను వెంటబెట్టుకుని గది గదికీ తిప్పినట్టు. చిప్ప చిక్కిపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. చివరికి మూత బిగించే బలం కూడా లేక నోరు తెరుచుకుని చచ్చిపోతుంది.

దీన్ని కనిపెట్టే పరీక్షను 1952లో సామీ రే అనే శాస్త్రవేత్త ఇచ్చాడు. ఆల్చిప్ప నుంచి చిన్న ముక్క కోసి, థయోగ్లైకొలేట్ అనే ద్రవంలో వేసి, ఐదారు రోజులు చీకట్లో ఉంచుతారు. అక్కడ క్రిమి కణాలు సంఖ్యలో పెరగవు, ఊరికే ఉబ్బుతాయి. అప్పుడు అయోడిన్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడితే నలుపు కలిసిన నీలం గోళీల్లా కనిపిస్తాయి. బడిలో ఆలుగడ్డ ముక్క మీద అయోడిన్ వేసినప్పుడు మనందరం చూసిన రంగే ఇంచుమించు ఇది. ఇంత చవకైన పరీక్ష రెండు సంగతులు ఒకేసారి చెప్పడం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఎన్ని చిప్పలకు సోకిందో తెలుస్తుంది, ఒక్కో చిప్పలో ఎంత ముదిరిందో కూడా తెలుస్తుంది. ముక్కలో ఒకటో రెండో గోళీలుంటే ఆ చిప్ప బాగానే బతుకుతుంది. ముక్కంతా నల్లబడితే దానికి రోజులు దగ్గరపడ్డట్టే. అందుకే దాదాపు అన్ని చిప్పలకూ సోకినా చావులు తక్కువున్న చోట్లు ఉంటాయి. వట్టి శాతం చూసి టెన్షన్ పడితే పొరపాటే.

ముదిరేదీ లేనిదీ నీళ్లనుబట్టి ఉంటుంది. నీళ్లు 20 డిగ్రీలు దాటి వేడెక్కి, ఉప్పు కూడా ఎక్కువుంటే క్రిమి చెలరేగుతుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నది కలిసే చోట వరదొచ్చి అది పది గ్రాములకు పడిపోతే క్రిమి నెమ్మదిస్తుంది, కానీ పూర్తిగా పోదు. వానలు సరిగా పడని సంవత్సరం ఆల్చిప్పలకు గడ్డుకాలం. 1990ల మొదట్లో చలికాలాలు వెచ్చబడ్డప్పుడు ఈ జబ్బు అమెరికా తూర్పు తీరం వెంట ఉత్తరానికి పాకింది.

హాప్లోస్పోరిడియం నెల్సోని అనే ఇంకో క్రిమి అదే తూర్పు తీరంలో 1957లో డెలావేర్ అఖాతంలో, 1959లో చెసాపీక్ అఖాతంలో విరుచుకుపడింది. ఇది ఆసియా వైపు నుంచి వచ్చింది. అక్కడి పసిఫిక్ ఆల్చిప్పల్లో ఇది అరుదుగా కనిపిస్తుంది, వాటిని పెద్దగా ఏమీ చేయదు. అమెరికా చిప్పలకు మాత్రం ప్రాణాంతకమైంది. జబ్బు చిప్పను మంచి చిప్ప పక్కన పెట్టి ఎన్నిసార్లు చూసినా ల్యాబులో ఇది అంటుకోలేదు. మధ్యలో ఇంకో జీవి ఏదో ఉండి ఉండాలని శాస్త్రవేత్తల అనుమానం. గొర్రె నుంచి గొర్రెకు నేరుగా అంటని కార్జం జలగకు నడుమ మన నత్త ఉన్నట్టు.

మన దేశంలో తమిళనాడు తీరపు ముత్యపు చిప్పల్లో పెర్కిన్సస్ మారినస్‌కు దగ్గరి చుట్టమైన పెర్కిన్సస్ ఓల్సేని దొరికింది. ఈ క్రిములేవీ మనిషికి సోకవు. దెబ్బ తగిలేది చిప్పలకూ, వాటి మీద బతికేవాళ్లకూ. గొర్రెకైతే డాక్టర్‌ని అడిగి జలగల మందు తాగించవచ్చు. సముద్రం అడుగున పడున్న చిప్పకు మందెవరు తాగిస్తారు? అందుకే అమెరికాలోని ఆల్చిప్పల రైతులు త్వరగా ఎదిగే, జబ్బును తట్టుకునే రకాలు వేసి, క్రిమి ముదిరే ఎండాకాలం రాకముందే చిప్పలను తీసి అమ్మేస్తారు.