4కె టైమ్‌లైన్ ఎందుకు మొరాయిస్తుంది? అపోహలు - వాస్తవాలు

4కె కెమెరా చేతికొచ్చిన కొత్తలో నా కంప్యూటర్‌లో వీడియో ఎడిటింగ్ టైమ్‌లైన్ (క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ) నడిచేది కాదు, కుంటేది. ప్లే నొక్కితే శబ్దం ముందుకు పోయేది, బొమ్మ వెనకబడేది. ర్యామ్ పెంచాను, తేడా లేదు. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టాను. సాఫ్ట్‌వేర్ తొందరగా తెరుచుకోవడం మొదలుపెట్టింది కానీ క్లిప్ మాత్రం కుంటుతూనే ఉంది. చివరికి ఒక రాత్రంతా కంప్యూటర్‌ని వదిలేసి ప్రాక్సీలు, అంటే క్లిప్పులకి తేలికపాటి నకళ్లు, తయారు చేయించాను. పొద్దున్నే చూస్తే అదే కంప్యూటర్‌లో, అదే ప్రాజెక్టు సాఫీగా నడిచింది. కొన్న రెండు వస్తువులూ వృథా అనను, వేరే పనులకు ఉపయోగపడ్డాయి. నా జబ్బుకి మాత్రం అవి మందు కాదు.

ఆ తర్వాత ఇదే వరసలో డబ్బు ఖర్చు పెట్టిన వాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల నోట తరచుగా విన్న మాటలే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: ఫైల్ చిన్నదే కదా, కంప్యూటర్‌కి బరువేముంది?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త లెక్క వేద్దాం. 4కె ఫ్రేమ్ అంటే 3840 అడ్డం, 2160 నిలువు. అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. ఒక్కో పిక్సెల్ రంగుకి మూడు బైట్లు వేసుకున్నా ఒక్క ఫ్రేమ్ సుమారు 25 ఎంబీ. సెకనుకి 30 ఫ్రేములంటే దాదాపు 750 ఎంబీ. కానీ కెమెరా రాసేది సెకనుకి 100 మెగాబిట్లు అనుకుంటే, అది 12.5 ఎంబీనే (ఎనిమిది మెగాబిట్లు ఒక ఎంబీ). అంటే అరవయ్యో వంతు.

మిగతాదంతా ఎక్కడికి పోయింది? కెమెరా ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచదు. ఒక ఫ్రేమ్ పూర్తిగా దాచి, దాని తర్వాతి వాటిలో ఏం మారిందో అది మాత్రమే రాసుకుంటూ పోతుంది. కొన్ని ఫ్రేములైతే తమ ముందున్న వాటినీ, వెనకున్న వాటినీ చూస్తే తప్ప అర్థం కావు. వీడియోని కుదించే పద్ధతులైన హెచ్.264, హెచ్.265 రెండూ మామూలుగా ఇలాగే పనిచేస్తాయి. ఇప్పుడు మీరు టైమ్‌లైన్ మీద ఇరవయ్యో ఫ్రేమ్ దగ్గర మౌస్ ఆపారనుకోండి. అది చూపించడానికి కంప్యూటర్ వెనక్కి వెళ్లి, పూర్తిగా ఉన్న ఫ్రేమ్ దగ్గర మొదలుపెట్టి, దానికి కావలసిన ఫ్రేములన్నీ వరసగా విప్పుకుంటూ రావాలి. మీరు వెనక్కి ప్లే చేస్తే దాని పాట్లు ఇంకా ఎక్కువ.

"మరి అదే ఫైల్ వీడియో ప్లేయర్‌లో చక్కగా ఆడుతుందిగా?" అని అడుగుతారు. ఆడుతుంది. ప్లేయర్ ఒకే ఫైల్‌ని ముందుకు మాత్రమే నడుపుతుంది. ఎడిటర్ అలా కాదు: ఇక్కడ కోస్తాడు, అక్కడికి దూకుతాడు, ఒకదాని మీద ఒకటి మూడు లేయర్లు పెడతాడు.

2003లో వచ్చిన హెచ్.264 కన్నా 2013లో వచ్చిన హెచ్.265 అదే నాణ్యతని దాదాపు సగం సైజులో ఇవ్వడానికి తయారైంది. ఆ ఆదా ఊరికే రాలేదు, విప్పే చోట లెక్కలు పెరిగాయి. అందుకే ఫోన్‌లో "తక్కువ స్థలం" సెట్టింగుతో తీసిన చిన్న ఫైల్ టైమ్‌లైన్ మీద మొండికేస్తుంది, దానికి ఎన్నో రెట్లు పెద్దదైన ప్రోరెస్ (ఆపిల్ ఎడిటింగ్ కోసం చేసిన ఫార్మాట్) ఫైల్ మాత్రం హాయిగా నడుస్తుంది. ప్రోరెస్‌లో ఏ ఫ్రేముకి ఆ ఫ్రేమే పూర్తిగా ఉంటుంది.

అపోహ: ప్రాక్సీలతో ఎడిట్ చేస్తే ఫైనల్ వీడియో నాణ్యత పోతుంది

పోదు. ఇంత మంది ఈ భయంతోనే ప్రాక్సీల జోలికి పోకపోవడం నాకు విచిత్రంగా అనిపిస్తుంది.

ప్రాక్సీ అంటే అసలు క్లిప్‌కి తేలికపాటి నకలు. మీరు కోసేది, కలిపేది ఆ నకలుని చూస్తూ. సాఫ్ట్‌వేర్ రాసుకునేది మాత్రం "ఈ క్లిప్‌లో ఇన్నో ఫ్రేమ్ నుంచి ఇన్నో ఫ్రేమ్ వరకు" అనే సమాచారం. ఎక్స్‌పోర్ట్ నొక్కినప్పుడు అది అసలు ఫైల్ దగ్గరికి వెళ్లి అక్కడి నుంచి తీసుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో "ప్రాక్సీలు వాడు" అనే గడికి టిక్ ఉంటే తీసేయండి. ఒకసారి నేనే దాన్ని మరిచిపోయి, గంటన్నర ఎక్స్‌పోర్ట్ అయ్యాక మసక వీడియో చూసి తల పట్టుకున్నాను.

ప్రాక్సీ సైజు ఎంత పెట్టాలి? నేను సాధారణంగా 1080కి, అంటే ఫుల్ హెచ్‌డీకి దించి ప్రోరెస్ ప్రాక్సీ ఫార్మాట్‌గానో, అలాంటిదే అయిన డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ ఎల్‌బీగానో చేస్తాను. సెకనుకి 30 ఫ్రేముల దగ్గర ప్రోరెస్ ప్రాక్సీ సుమారు 45 మెగాబిట్లు తీసుకుంటుంది, అంటే గంటకి 20 జీబీ. పైన చెప్పిన 100 మెగాబిట్ల కెమెరా ఫైల్ గంటకి 45 జీబీ. అసలు సరుకులో సగం కన్నా తక్కువ చోటు అదనంగా కావాలన్నమాట. మరీ పాత ల్యాప్‌టాప్ అయితే 960 బై 540కి దించండి. 4కెలో పదహారో వంతు పిక్సెళ్లే మిగులుతాయి. మొహం గుర్తుపట్టి, మాట ఎక్కడ తెగుతుందో చూసుకోవడానికి అది చాలు.

ఫ్రేమ్ రేటు, ఆడియో ఛానెళ్లు, ఫైల్ పేరు మాత్రం అసలు దానిలాగే ఉండాలి. లేదంటే తిరిగి జతపడేటప్పుడు తంటాలు. డావిన్సీ రిజాల్వ్, ప్రీమియర్ ప్రో, కెడెన్‌లైవ్, ఈ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఏది వాడినా ప్రాక్సీలు తయారుచేసే ఏర్పాటు లోపలే ఉంటుంది, దాంతోనే చేస్తే ఈ గొడవ రాదు.

ఫోకస్ సరిగా ఉందా, నాయిస్ (బొమ్మలో కనిపించే చుక్కలు) ఎంత ఉంది, రంగు ఎలా వచ్చింది, ఈ మూడూ ప్రాక్సీ చూసి తేల్చకండి. కటింగ్ అంతా అయ్యాక ప్రాక్సీలు ఆపేసి, అసలు ఫైళ్ల మీద ఆ పని చేయండి. అప్పుడు కొంచెం ఆగి ఆగి నడిచినా ఫర్వాలేదు, ఎందుకంటే కలర్ చేసేటప్పుడు ఎక్కువగా ఆపిన ఫ్రేమునే చూస్తాం.

అపోహ: ప్లేబ్యాక్ నాణ్యత పావుకి తగ్గిస్తే సరిపోతుంది

సగం నిజం. ఎఫెక్టులు, టైటిళ్లు, కలర్ వల్ల ఆగుతుంటే ఇది బాగా పనిచేస్తుంది, లెక్కలు తక్కువ పిక్సెళ్ల మీద జరుగుతాయి కాబట్టి. కానీ హెచ్.264, హెచ్.265 ఫ్రేముని పావు వంతు మాత్రమే విప్పడం కుదరదు. మొత్తం విప్పాలి, ఆ తర్వాతే చిన్నది చేయాలి. ఏ ఎఫెక్టూ లేని వట్టి క్లిప్ కూడా కుంటుతోందంటే ఈ మీట ఎంత తిప్పినా లాభం ఉండదు.

ఇదే పరీక్షగా కూడా పనికొస్తుంది. పావుకి దించితే సాఫీ అయితే మీ బరువు ఎఫెక్టులది. మార్పేమీ లేకపోతే బరువు డీకోడింగ్‌ది, అంటే ఫ్రేములు విప్పే పనిది.

అపోహ: పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేస్తే అన్నీ తీరిపోతాయి

వీడియోని విప్పే పని గ్రాఫిక్స్ కార్డులో ఆటలాడించే భాగం చేయదు. దానికి చిప్‌లో వేరే చిన్న విభాగం ఉంటుంది. ఒకే తరానికి చెందిన చవక కార్డులోనూ ఖరీదైన కార్డులోనూ ఆ విభాగం చాలాసార్లు ఒకేలాంటిది. కాబట్టి డీకోడింగ్ కోసమే పెద్ద కార్డు కొంటే అనుకున్నంత తేడా కనపడదు. నాయిస్ రిడక్షన్, బ్లర్, కలర్ గ్రేడింగ్ లాంటి వాటికైతే పెద్ద కార్డు ఉపయోగం నిజమే.

చాలామంది చిన్నచూపు చూసేది ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌ని. ఇంటెల్ 2011 నుంచి తన ప్రాసెసర్లలో క్విక్ సింక్ పేరుతో వీడియో విప్పే విభాగం ఇస్తోంది. మామూలు ఎడిటింగ్‌కి అది గట్టి సాయం. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది: పేరు చివర "ఎఫ్" అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ గ్రాఫిక్స్ ఉండదు, దాంతో క్విక్ సింక్ కూడా ఉండదు. ధర కొంచెం తగ్గుతుందని ఎఫ్ మోడల్ తీసుకుని తర్వాత బాధపడే ఎడిటర్లు ఉన్నారు.

ఇంకో చిక్కు కెమెరా వైపు నుంచి వస్తుంది. ఫోన్లు, చాలా కెమెరాలు 4:2:0 రంగుతో (రంగు వివరాలు పిక్సెళ్లలో పావు వంతుకే దాచే పద్ధతి) రికార్డు చేస్తాయి, దాన్ని దాదాపు అన్ని చిప్‌లూ విప్పగలవు. కొంచెం పైస్థాయి కెమెరాల్లో 10 బిట్ 4:2:2 అనే ఎంపిక ఉంటుంది (మామూలు 8 బిట్ కన్నా ఎక్కువ ఛాయలు, సగం పిక్సెళ్లకి రంగు వివరాలు). ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ హెచ్.265లో దీన్ని విప్పగలదు. ఎన్విడియా అయితే 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే ఈ సౌకర్యం ఇచ్చింది. అంతకు ముందు తరం కార్డు ఎంత పెద్దదైనా ఈ పని ప్రాసెసర్ నెత్తినే పడుతుంది. "ఇంత ఖరీదైన కార్డులో కూడా ఆగుతోందేంటి?" అనే టెన్షన్‌కి చాలాసార్లు ఇదే కారణం.

ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో గ్రాఫిక్స్ కార్డు మీద నొక్కితే "వీడియో డీకోడ్" అనే గ్రాఫ్ కనిపిస్తుంది. క్లిప్ ప్లే చేస్తూ దాన్ని చూడండి. అది కదలకుండా ప్రాసెసర్ మాత్రం నూటికి నూరు చూపిస్తోందంటే ఆ క్లిప్ హార్డ్‌వేర్‌తో విప్పబడడం లేదు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆన్ అయి ఉందో లేదో చూడండి, డ్రైవర్ అప్‌డేట్ చేయండి. అయినా కదలకపోతే ప్రాక్సీయే గతి.

అపోహ: ఎస్‌ఎస్‌డీ వేగం పెరిగితే టైమ్‌లైన్ వేగం పెరుగుతుంది

సెకనుకి 12.5 ఎంబీ చదవడం పాత హార్డ్ డిస్క్‌కి కూడా లెక్కలోది కాదు. మంచి హార్డ్ డిస్క్ వరసగా చదివితే 100 ఎంబీ దాటుతుంది. దానికి ఇబ్బంది ఎప్పుడంటే, నాలుగు కెమెరాల క్లిప్పులు ఒకేసారి నడిపినప్పుడు. డిస్క్ సూది నాలుగు చోట్లకీ దూకుతూ ఉండాలి. ప్రోరెస్‌లో పైస్థాయి రకమైన 4కె ప్రోరెస్ 422 హెచ్‌క్యూ లాంటివి వాడినా అంతే, 30 ఫ్రేముల దగ్గర అది సెకనుకి సుమారు 880 మెగాబిట్లు, అంటే దాదాపు 110 ఎంబీ. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంటే అందులో క్యాష్ (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు), ప్రాక్సీలు, ప్రాజెక్టు ఫైలు పెట్టండి. అసలు ఫుటేజ్ బయటి హార్డ్ డిస్క్‌లో ఉన్నా నడుస్తుంది.

అపోహ: ర్యామ్ ఎంత ఉంటే అంత సాఫీ

చాలనంత వరకే. సాఫ్ట్‌వేర్ కలర్ లెక్కలు వేసేటప్పుడు ఒక్కో పిక్సెల్‌కి 16 బైట్లు వాడితే ఒక 4కె ఫ్రేమ్ 130 ఎంబీ దాటుతుంది. 8 జీబీలో ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్ పోను మిగిలేది ఎంత? అందుకే 8 ఇరుకు. 16 ఉంటే మామూలు పనికి హాయి. అక్కడి నుంచి పైకి వెళ్తే బరువైన ఎఫెక్టులు, పెద్ద ప్రాజెక్టులు చేసేవాళ్లకే తెలుస్తుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీద ఆధారపడేవాళ్లు మాత్రం 16 జీబీ ఒకే ముక్క కాకుండా 8 చొప్పున రెండు వేయండి. ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. రెండు దారుల్లో తీసుకుంటే తొందరగా అందుతుంది.

అపోహ: అంతా ప్రోరెస్‌లోకి మారిస్తే నాణ్యత పెరుగుతుంది

పెరగదు. 8 బిట్‌లో తీసినది 8 బిట్ సమాచారమే. పెట్టె మారుతుంది, సరుకు అదే. సాఫీగా నడవడం కోసం మార్చుకుంటే సరే.

అపోహ: శబ్దం, పెదవులు కలవడం లేదంటే కంప్యూటర్ నెమ్మదిగా ఉన్నట్టే

మొదట్లో సరిగ్గానే ఉండి, పది నిమిషాలు గడిచేసరికి మాట పెదవులకి దూరమైపోతోందా? అది ఎక్కువగా ఫోన్ వీడియో, లేదా స్క్రీన్ రికార్డింగ్ అయి ఉంటుంది. ఫోన్లు వెలుతురుని బట్టి, పని భారాన్ని బట్టి ఫ్రేమ్ రేటు మార్చుకుంటూ పోతాయి. కాసేపు 30, కాసేపు 29, ఇంకాసేపు 27. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకే రేటు ఉందనుకుని లెక్కవేస్తే తేడా పోగవుతూ వస్తుంది. ఎడిటింగ్ మొదలుపెట్టకముందే వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో "స్థిరమైన ఫ్రేమ్ రేటు" ఎంచుకుని మార్చేయండి. సగం ఎడిట్ అయ్యాక మారిస్తే కోసిన చోట్లన్నీ జరుగుతాయి. అనుభవంతో చెబుతున్నాను.

ఇక్కడే ఇంకో మాట. ల్యాప్‌టాప్ వాళ్లు ఛార్జర్ పెట్టకుండా ఎడిట్ చేస్తూ "నిన్న బాగానే ఉంది, ఈ రోజు ఏమైందో" అంటుంటారు. బ్యాటరీ మీద ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టి గాలి రంధ్రాలు మూసేసినా అంతే, వేడికి తట్టుకోలేక నెమ్మదిస్తుంది.

అపోహ: హార్డ్‌వేర్‌తో ఎక్స్‌పోర్ట్ చేస్తే వీడియో చెడిపోతుంది

ఒకే బిట్‌రేటు (సెకనుకి రాసే మెగాబిట్లు) దగ్గర పక్కపక్కన పెట్టి చూస్తే, చిప్‌లోని వీడియో విభాగం చేసినదాని కన్నా, ప్రాసెసర్ సాఫ్ట్‌వేర్‌తో తీరిగ్గా చేసిన ఎన్‌కోడింగ్ (వీడియోని కుదించి రాయడం) కొంచెం మెరుగ్గా ఉంటుంది. ముఖ్యంగా తక్కువ బిట్‌రేటులో, ఆకులు, నీళ్లు కదిలే షాట్లలో తెలుస్తుంది. బిట్‌రేటు పెంచితే ఆ తేడా కంటికి ఆనదు. క్లయింటుకి చూపించే కాపీలు నేను హార్డ్‌వేర్‌తోనే తీస్తాను. ఫైనల్ కాపీకి టైమ్ ఉంటే రాత్రి పడుకునే ముందు సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ పెడతాను, లేకపోతే హార్డ్‌వేర్‌లోనే బిట్‌రేటు పెంచి ఇచ్చేస్తాను. రెండు కాపీల్లో ఏది ఏదో ఇప్పటివరకు ఒక్క క్లయింటూ నన్ను అడగలేదు.